వెలుతురు వైపు తిప్పిన మగ్గాలు

నేను పని మానేసి నాలుగేళ్లయింది. అయినా సోలాపూర్ జాబర్ల ఫోన్లలో నా నంబరు ఇంకా చెరిగిపోయినట్టు లేదు. వారానికి ఒకరైనా చేస్తారు. "కాకా, ఫలానా వాళ్లు ఇల్లు మారుతున్నరు, సాంచాలు తియ్యాలె, ముందుగాల ఏమేం చూస్కోవాలె?" అని అడుగుతారు. అడిగేవాళ్లంతా నా పిల్లల వయసువాళ్లు. అడిగినందుకు నాకు లోపల సంతోషమే, పైకి మాత్రం విసుక్కుంటాను.

తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. సాంచా అంటే మరమగ్గం. జాబర్ అంటే దాన్ని విప్పేవాడు, బిగించేవాడు, మొరాయిస్తే బుజ్జగించేవాడు. మా నేతపేటల్లో చాలా ఇళ్లకు ముందు గదిలో మగ్గాలు, వెనక గదిలో సంసారం ఉంటాయి. అందుకే ఇల్లు మారాలనుకున్నవాళ్లు గిన్నెలు సర్దడం మొదలుపెట్టకముందే జాబర్‌కు కబురు పెడతారు.

ఫోన్లో నేను చెప్పేవి చెబుతూనే ఉంటాను. కొత్త ఇంటి గుమ్మం వెడల్పు కొలవండి, మగ్గం పక్క చట్రం అందులోంచి దూరుతుందో లేదో చూడండి. నేల కింద మట్టి నింపి పైన రాయి పరిచారేమో అడగండి, నింపుడు నేల మీద మగ్గం పెడితే నెల తిరక్కుండా ఒక కాలు దిగబడుతుంది. మీటరు ఎంత లోడు మోస్తుందో కనుక్కోండి. పక్కింటి గోడకు ఆనించి మగ్గం పెట్టకండి, అవతల అటక మీది గిన్నెలు దూకుతాయి, తిట్లు మీకు కాదు, మగ్గాలున్న ఇంటివాళ్లకు తగులుతాయి. ఇవన్నీ కాస్త అనుభవమున్న ఎవరైనా చెప్పగలరు.

ఫోన్లో చెప్పనిది ఒకటుంది, అది ఇక్కడ రాస్తాను. ఎనిమిదేళ్ల కిందట నేనొక ఇంటిని మార్చి, ఆ ఇంటాయన చెయ్యి పోగొట్టబోయాను. నిర్లక్ష్యంగా చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నా నలభై ఏళ్ల పనిలో అంత శ్రద్ధగా బిగించిన మగ్గాలు వేరే లేవు.

వాళ్లు దాజీ పేట్‌లో ఒక పాత వాడాలో, అంటే పెద్ద లోగిలిలో, అప్పటికి ముప్ఫై ఏళ్లుగా అద్దెకుంటున్నారు. మా పెద్దలు, వాళ్ల పెద్దలు ఒకే దిక్కు నుంచి ఇక్కడికి బతకడానికి వచ్చినవాళ్లు కాబట్టి ఆమెను చెల్లె అనీ, ఆయన్ను బావ అనీ పిలిచేవాణ్ని. బావ రెండు మగ్గాల మీద తువాళ్లు నేసేవాడు. చెల్లె బీడీలు చుట్టేది. నూలు చుట్టిన బీములు ఒక సేటు పంపేవాడు, నేసిన తువాళ్లు ఆ సేటుకే పోయేవి. సేటు బీము పంపడం మానేస్తే బావకు వేరే దారి లేదు, ఆ సంగతి బావకూ చెల్లెకూ సేటుకూ తెలుసు.

వాడాను ఇంటి యజమాని అమ్మేశాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి, తర్వాత కూలగొడతారు. అదృష్టవశాత్తు బావ వాళ్లు కుంఠా నాకా అవతల చిన్న ఇల్లు కట్టుకుంటూ వస్తున్నారు, అప్పటికి స్లాబు, నేల పూర్తయ్యాయి. ముందు మగ్గాల గది, వెనక వంటగది, పక్కన ఒక పడకగది. చెల్లె నాకు కబురు పెట్టింది.

కొలతలకని నేనూ నా జోడీదారూ వాడాకు వెళ్లాం. జోడీదారు వైరింగు మనిషి. ఇనుము నాది, కరెంటు ఆయనది. నాకన్నా పెద్ద, మాట తక్కువ, పాన్ ఎక్కువ. ఆ పాత గది చూస్తే నాకు ఎప్పుడూ ఊపిరాడేది కాదు. రెండు మగ్గాలు ఎదురెదురుగా ఉండేవి, మధ్యలో మనిషి నిలబడి రెంటినీ నడిపే సందు. ఆ సందు ఎంత ఇరుకంటే, లోపలికి పోతే రెండు మోచేతులకూ రెండు మగ్గాలూ తగిలేవి. తలుపు వైపున మగ్గాలను ఆడించే హ్యాండిళ్లు, లోపలి గోడ వైపున మోటార్లు, బెల్టులు. బెల్టు తెగితే నేను ఆ సందులోంచి పక్కకు తిరిగి నడిచి, గోడకు వీపు రాసుకుంటూ పనిచేయాల్సి వచ్చేది. కిటికీ ఒక్కటే ఉండేది, అది కూడా పక్కింటి గోడ వైపు.

"అన్నా, ఒక్క మాట," అంది చెల్లె. "అక్కడ కూడ గిట్లనే పెట్టు. ఇక్కడ ఎట్లున్నదో గట్లనే."

నేను నవ్వాను. "గిట్లనే పెట్టేటందుకు కొత్తిల్లు ఎందుకు చెల్లె? ఇక్కడనే ఉండరాదు?"

"నవ్వకు అన్నా. బరోబర్ గిట్లనే కావాలె. ఇంచు ఇటు అటు వద్దు."

"సరే సరే, నేను చూస్త గద," అన్నాను. జాబర్లు "నేను చూస్త" అన్నారంటే వినడం అయిపోయిందని అర్థం.

బావను కొత్త ఇంటికి రమ్మన్నాను, మగ్గాలు ఎక్కడ పెట్టాలో ఆయనే చూపిస్తాడని. "నువ్వు చూసినవ్ గద, చాలు," అన్నాడు. ఆయన మాట్లాడేటప్పుడు మెడ నిటారుగా పెట్టి సూటిగా మొహంలోకి చూసేవాడు, పక్కన ఎవరు పలకరించినా తలతిప్పేవాడు కాదు. పొద్దుగూకితే గడప దాటడు. పెళ్లిళ్లకు పిలిచినా పగటి భోజనమైతేనే వస్తాడు. రెండేళ్లుగా ఇలా తయారయ్యాడని, సొంతిల్లు కట్టుకునేసరికి మనిషికి పొగరెక్కిందని నేను చాయ్ హోటల్లో కూర్చుని అందరితో అన్నాను. నలుగురూ అవునన్నారు.

మగ్గం మీద పడుగు ఉండగా ఇల్లు కదలరు. ఉన్న బీము పూర్తిగా నేసి, తువాళ్లు కోసి, పోగులు దూర్చే దువ్వెనలాంటి పన్నెలో జానెడు పోగులు అలాగే వదులుతారు. కొత్త బీము వచ్చాక ఆ పోగులకే ఒక్కొక్కటిగా అతుకు వేస్తారు. కాబట్టి మాకు పది రోజుల సమయం దొరికింది. ఈ లోపల నేను కొత్త గది తయారు చేశాను. ఒకరోజు అక్కడికి వెళ్లేసరికి నేలంతా సుద్దముక్కతో గీతలు గీసి ఉన్నాయి. వంకరటింకర గీతలు, మధ్యమధ్య పాదం అంత గుర్తులు. చెల్లె ముగ్గు వేయబోయి మధ్యలో వదిలేసిందనుకున్నాను. బోల్టుల కోసం నేల తొలచాలి, దుమ్ము ఉండకూడదు. రెండు బకెట్ల నీళ్లు పోసి శుభ్రంగా కడిగించాను.

తర్వాత నా తెలివి ఉపయోగించాను. ఆ గదిలో తలుపుకు ఎదురుగోడకు పెద్ద కిటికీ ఉంది. నేత మనిషి ఎక్కువసేపు నిలబడేది హ్యాండిల్ దగ్గర. హ్యాండిళ్లు కిటికీ వైపు వస్తే బట్ట మీద వెలుతురు పడుతుంది. అప్పుడు మోటార్లు తలుపు వైపు వస్తాయి, మీటరు బోర్డు కూడా తలుపు పక్కనే ఉంది, వైరు తక్కువ పడుతుంది. పైగా గది పెద్దది కాబట్టి మగ్గాల మధ్య సందును అడుగున్నర పెంచాను. వెలుతురు బావ కోసం అని అందరికీ చెప్పాను. తలుపు దగ్గర మోటార్లు ఉంటే రేపు రిపేరుకు వచ్చినప్పుడు నాకు నడుము నొప్పి పుట్టదన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జోడీదారు పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, "చెల్లె చెప్పినట్టు పెడ్తె నీదేం పోతది?" అన్నాడు.

"సాంచాలు నువ్వు బిగిస్తవా, నేను బిగియ్యాల్నా?"

"నువ్వే బిగియ్యి బాబా," అని తన వైర్ల దగ్గరికి పోయాడు. ఆయన ఇంకో మాట అని ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కానీ అన్నా నేను వినేవాణ్ని కాదు.

బీములు అయిపోయాయి. మగ్గాలకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టి విప్పాం. ప్రతి ముక్కకూ రంగుతో గుర్తులు పెట్టాను, టెంపోలో రెండు విడతలుగా తీసుకెళ్లాం. సేటు కొత్త బీములు కూడా ముందే పంపాడు, అతుకులు వేసేవాళ్లు వచ్చి రెండు రోజుల్లో పని ముగించారు. బిగించాక చూసుకుంటే నాకే ముచ్చటేసింది. సందులో ఇద్దరు నిలబడొచ్చు. బట్ట పడే చోట పట్టపగలు. హ్యాండిళ్లకు ఎర్రరంగు కూడా వేశాను. అప్పటికి చెల్లె వాడాలో సామాను సర్దడంలో ఉంది, మగ్గాలు బిగించాక ఆ గదిలోకి రాలేదు.

వాళ్ల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త ఇంట్లో ముందు మగ్గం ఆడాలి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించి పాలు పొంగించాలి. మగ్గాన్ని ఇంటాయన ఒక్కడే వెళ్లి ఆడించాలి, పక్కన ఎవరూ నిలబడకూడదు. గృహప్రవేశం రోజు పొద్దున ముప్ఫై మందిదాకా వచ్చారు. సేటు కూడా వచ్చాడు. తలుపు పక్కన మార్కండేయ స్వామి పటం, దాని ముందు దీపం. జోడీదారు మోటార్లు ఆన్ చేశాడు. బెల్టులు తిరుగుతున్నాయి, హ్యాండిల్ లాగడమే తరువాయి.

బావ కొత్త ధోవతి కట్టుకుని, భుజాన తన చేతి తువాలు వేసుకుని ఆటో దిగాడు. చెల్లె గుమ్మందాకా మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అక్కడ గదిలోకి చూసింది. ఆమె మొహం పాలిపోవడం నేను చూశాను, ఎందుకో అర్థం కాలేదు. నోరు తెరిచి ఏదో అనబోయింది, ఈ లోపల వెనకాల ఆడవాళ్లు మంగళహారతి అందుకున్నారు. బావ ఆమె చెయ్యి విడిపించుకుని గడప దాటాడు.

ఒకటి, రెండు, మూడు అడుగులు. తడుముకోలేదు, వెనకాడలేదు, ముప్ఫై ఏళ్లు నడిచినట్టే నడిచాడు. మూడో అడుగులో కొంచెం వంగి ఎడమచెయ్యి చాచాడు. చూపు ఎదురుగా కిటికీ మీద ఉంది. పాత గదిలో ఆ చోట హ్యాండిల్ ఉండేది. నేను బిగించిన గదిలో ఆ చోట బెల్టు తిరుగుతోంది.

ఆయన వంగడంతో భుజం మీది తువాలు జారింది. బెల్టు దాన్ని జర్రున లాక్కుంది. "థాంబ్!" అని, ఆగమని జోడీదారు అరిచిన అరుపు, మెయిన్ స్విచ్ పడిన చప్పుడు ఒక్కసారే వినిపించాయి. బెల్టు తువాలును చుట్టుకుంటూ మెల్లగా ఆగింది. బావ చెయ్యి దానికి జానెడు దూరంలో గాల్లో ఉండిపోయింది.

ఏమైందో వెనకవాళ్లకు తెలియలేదు. సేటు నవ్వాడు. "ఏందన్నా, గంత తొందరనా? నీ తువాల సాంచాకే కానుకిచ్చినవా?" అందరూ నవ్వారు. నేను పరిగెత్తుకెళ్లి బావ పక్కన నిలబడ్డాను. ఆయన ఇంకా కిటికీ వైపే చూస్తూ, పెదవులు కదపకుండా అడిగాడు.

"జాబర్ బావా, హ్యాండిల్ ఏడ పెట్టినవ్?"

హ్యాండిల్ ఎదురుగా, కిటికీ పక్కన, నిన్ననే వేసిన ఎర్రరంగుతో మెరుస్తోంది. గుమ్మం బయట నిలబడ్డ ముసలమ్మకు కూడా అది కనిపిస్తోంది. రెండేళ్ల పొగరు, పొద్దుగూకితే బయటికి రాకపోవడం, పక్కకు తిప్పని మెడ, నేల మీది సుద్దగీతలు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

సేటు లోపలికి రాబోయాడు. "ఏమైంది? ఎందుకు ఆపిన్రు?"

నేను గుమ్మానికి అడ్డం వెళ్లాను. "నాదే తప్పు సేటు. రెండు సాంచాలూ ఉల్టా బిగించిన. మోటార్లు తలుపు దిక్కు రావద్దు. మొత్తం తీసి మళ్ల బిగియ్యాలె."

"గిన్నేండ్ల జాబర్‌వు, గిదేం పని?" అన్నాడు సేటు. నలుగురిలో అన్నాడు. వేరే రోజైతే ఆయనతో గొడవ పెట్టుకునేవాణ్ని. ఆ రోజు తలొంచుకుని నిలబడ్డాను. బావ పరువు కాపాడటానికి పెద్ద అబద్ధమాడానని లోపల నాకు కొంత గొప్పగా కూడా ఉంది. నేను చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి ఇంకో గంట పట్టింది.

వచ్చినవాళ్లు బయట వండించిన భోజనాలు చేసి వెళ్లారు. పాలు పొంగించలేదు, పొయ్యి వెలిగించలేదు. గదిలో మేం నలుగురమే మిగిలాం. బావ నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

"నీ ముక్కు కానొస్తది," అన్నాడు. "నీ చెవులు కానరావు."

చెల్లె చెప్పింది. రెండేళ్లుగా పక్క చూపు పోతోంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, ఆ గొట్టం సన్నబడుతూ వస్తోంది. చీకటి పడితే అది కూడా ఉండదు. పెద్ద దవాఖానలో చూపించారు, దీనికి మందు లేదన్నారు.

"మరి తెగిన పోగు ఎట్ల పట్టుకుంటున్నవ్ బావా?"

"పోగు ముంగటనే ఉంటది గద. అది ఏడికి పోతది? నాకు పోగుతోని కష్టం లేదు, నడుసుడే కష్టం. ఆ ఇంట్ల గడప నుంచి మూడడుగులు, ఎడమచేతికి ఒక హ్యాండిల్. ఎనకకు మలిగితె కుడిచేతికి ఇంకోటి. రెండు మోచేతులకు రెండు సాంచాలు తగుల్తుండె. తప్పిపోదమన్నా జాగ లేదు. నువ్వు నాకు మైదానం ఇచ్చినవ్."

ఇరుకు తీసేశానని నేను మురిసిపోయిన సందు అది. ఆయనకు ఆ ఇరుకే పట్టుకుని నడిచే గోడ. వెలుతురు వైపు తిప్పానని నేను చెప్పుకున్న మగ్గాల హ్యాండిళ్ల దగ్గరికి ఇప్పుడు ఆయన బెల్టుల మధ్యలోంచి నడిచి వెళ్లాలి. సిగ్గుతో నాకు కోపం వచ్చింది, ఆ కోపం వాళ్ల మీదే చూపించాను.

"ఒక్క మాట నాకు చెప్తె ఏం పోతుండె చెల్లె?"

"చెప్తె నువ్వు చాయ్ హోటల్ల కూసుంటవ్ గద అన్నా," అంది. ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాట చెప్పింది. నాకు చెప్పి ఉంటే ఆ సాయంత్రానికే కుంఠా నాకా అంతా తెలిసేది, జాలి పడుతూనే చెప్పేవాణ్ని. మర్నాటికి సేటుకు తెలిసేది. "గీతలు గీసి పెట్టిన. ఏడికి ఎన్ని అడుగులు ఏస్తడో చూసి, నా పాదాలతోని కొలిసి గీసిన. నువ్వు నీళ్లు పోసి కడిగినవ్."

మర్నాడు పొద్దున్నే నలుగురం ఆటోలో వాడాకు వెళ్లాం. అప్పటికే పైరేకులు తీస్తున్నారు, గది నిండా ఎండ. ముప్ఫై ఏళ్లు మగ్గాలు నిలబడ్డ చోట నేల మీద నూనె మరకలు, బోల్టుల గుంటలు మిగిలి ఉన్నాయి. ఇంకో రోజు ఆలస్యమైతే అవి కూడా ఉండేవి కావు.

"కండ్లు మూస్కో అన్నా," అంది చెల్లె. "గడప నుంచి నడువు."

మూసుకున్నాను. రెండో అడుగుకే ఎటు పోతున్నానో తెలియలేదు, నాలుగో అడుగుకు మోకాలి చిప్ప గోడ గట్టుకు కొట్టుకుంది. జోడీదారు నవ్వలేదు, అది ఇంకా అవమానంగా అనిపించింది. తర్వాత బావ నడిచాడు. లేని మగ్గాల మధ్య, ఉన్నట్టే నడిచాడు. చెయ్యి చాచాడు, వెనక్కి మలిగాడు, ఒక పక్క వంగి కండెల బుట్ట ఉండే చోట తడిమాడు, నీళ్ల కుండ ఉండే చోట ఆగాడు. ఆగిన ప్రతిచోటా నేను మోకాళ్ల మీద కూర్చుని టేపుతో కొలిచాను, చెల్లె కాగితం మీద రాసింది. అంత ఓపికగా నేను ఎన్నడూ ఏ ఇల్లూ కొలవలేదు. గడప ఎత్తు కూడా కొలిచాం, ఎందుకంటే ఆయన అడుగు అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది.

కొత్త ఇంటికి తిరిగొచ్చాక ఒక పేచీ వచ్చింది. అక్కడి కొలతలతో మగ్గాలు తిప్పుతానన్నాను, కానీ బెల్టుల చుట్టూ, మోటార్ల చుట్టూ ఇనుప జాలీ బిగించాలన్నాను. తువాలు లాక్కుపోయిన చప్పుడు నా చెవుల్లోనే ఉంది. జాలీ లేకపోతే ఒక్క బోల్టు కూడా ముట్టుకోనన్నాను.

చెల్లె ఒప్పుకోలేదు. "ఏ సాంచాకు లేని జాలీ మాకెందుకని సేటు అడుగుతడు. అడిగితే ఏం చెప్పాలె? చెప్తె బీము బంద్ చేస్తడు. బీము రాకుంటె ఈ గోడలు ఏం చేసుకుంటం అన్నా, నాకుతమా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండేళ్లు ఒక్కతే మోసిన భయం అది. ఆమె చెప్పింది సరైనదే, నేను అడిగింది కూడా సరైనదే.

బావ చివరికి, "పెట్టనీ జాలీ," అన్నాడు. "సేటుకు నేనే చెప్త. ఎన్నొద్దులు దాస్తం? నిన్న చెయ్యి పోతే దాగుతుండెనా?"

రెండు రోజులు పట్టింది. హమాలీలను పిలిచి, పడుగు చెదరకుండా మగ్గాలు లేపి తిప్పాం. కొత్త రాతినేలలో మళ్లీ గుంతలు తొలిచాను, పాత గుంతలను సిమెంటుతో పూడ్చాను. ఎనిమిది మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. సందు మళ్లీ ఇరుకైంది, హ్యాండిళ్లు తలుపు వైపు వచ్చాయి, మోటార్లు కిటికీ కిందికి పోయాయి. జోడీదారు వైరు అంతా పీకి మళ్లీ లాగాడు, ఒక్క మాట దెప్పలేదు. ఆ రెండు రోజులూ చెల్లె పొయ్యి బయట చెట్టుచేమ లేని జాగాలో పెట్టి వండింది, మగ్గం ఆడనిదే వంటగదిలో అగ్గి పెట్టనంది.

మూడో రోజు బావ మగ్గం ఆడించాడు. ఒకటి ఆడింది, మలిగాడు, రెండోది ఆడింది. నేను గుమ్మం దగ్గరే స్విచ్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. అవసరం రాలేదు. చెల్లె లోపల పాలు పొంగించింది. మధ్యాహ్నానికి, మగ్గం మీద రెండు తువాళ్లు పడ్డాక సేటు వచ్చాడు. రాగానే జాలీ చూశాడు.

"గిదేందన్నా?"

బావ రెండు మగ్గాలూ ఆపాడు. "సేటు, ముంగటికి రా. నాకు పక్కచూపు లేదు. రెండేండ్లాయె. నీకు చెప్పలే, బీము ఆపుతవని భయపడ్డ. గీ జాలీ అందుకే. ఇగ నీ ఇష్టం."

సేటు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. మగ్గం మీది బట్టను లాగి వెలుతురుకు పట్టాడు. అంచు పొడుగునా బొటనవేలితో రాసి చూశాడు. రెండో మగ్గం దగ్గర కూడా అలాగే చేశాడు. గుమ్మం దగ్గర చెల్లె సేటు చేతులనే చూస్తూ నిలబడింది.

"గీ రెండేండ్లల్ల నీ తువాళ్లు నేనెన్నడన్న వాపస్ పంపిన్నా?"

"ఒక్కపారి పంపినవ్."

"అది నూలు తప్పు," అన్నాడు సేటు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "జాలీ తియ్యకున్రి. గీ బీము ఒడిసినంక ఇంకోటి తోలిస్త." గుమ్మం దాటుతూ నా వైపు చూసి, "నువ్వు మాత్రం ఏడ ఏం బిగించినా ఒకటికి రెండుసార్లు చూస్కో," అని వెళ్లిపోయాడు. ఈ ఎనిమిదేళ్లలో ఆ మాట అతను నాతో చాలాసార్లు అన్నాడు. నేను పడ్డాను.

ఆ మగ్గాల మీద బావ ఇంకో ఐదేళ్లు నేశాడు. చూపు మరీ సన్నబడ్డాక తనే ఆపేశాడు, ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆ గదిలో అద్దెకు వచ్చిన ఇంకొకరు నేస్తున్నారు. సందు ఇరుకుగా ఉందని, వెడల్పు చేసి పెట్టమని ఈ మధ్యే నాకు ఫోన్ చేశారు. ఇంటివాళ్లను అడిగి రమ్మన్నాను.

ఆ మూడో రోజు సేటు వెళ్లాక జరిగింది చెప్పి ఆపేస్తాను. నా సంచి సర్దుకుంటున్నాను. సందు మొదట్లో, సరిగ్గా కాలికి తగిలేలా ఒక చిన్న పీట కనిపించింది. బావ తూలిపడతాడని వంగి దాన్ని గోడవారకు లాగాను. పీట నేలకు రాసుకున్న చప్పుడు విన్నాడాయన.

"ఏం తీస్తున్నవ్?"

"పీట బావా. కాలికి తగుల్తదని."

"తగలాలె. అది తగిల్తెనే నేను మలిగేది. నేనే పెట్టిచ్చిన." గొంతులో కోపం లేదు, నవ్వు ఉంది. "జాబర్ బావా, ఇగ నాకేం మేలు చెయ్యకు."

నేను పీటను మళ్లీ తెచ్చి పెట్టాను. ఎక్కడ ఉందో సరిగ్గా గుర్తు లేదు.

"ఇట్లనా?" అని అడిగాను.

"జెర ఇటు."

"ఇట్లనా?"

"ఇంకా జెర. ఆఁ. బరోబర్. ఇగ పో."

సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాను. గల్లీ చివరికి చేరేసరికి రెండు మగ్గాలూ మళ్లీ ఆడుతున్నాయి. ఆటోలు పోయే రోడ్డు మీద, పట్టపగలు, నేను నిలబడి ఏడ్చాను.